కాన్సస్ పొలం, కౌలు రైతు, సర్కారు సొమ్ము

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు దగ్గర ఊరు. ఇప్పుడు కాన్సస్‌లో ఓవర్‌లాండ్ పార్క్‌లో ఉంటున్నాం. నేనూ నా భార్యా ఇద్దరం ఐటీ ఉద్యోగులమే. 2021లో పశ్చిమ కాన్సస్‌లో ఒక క్వార్టర్, అంటే 160 ఎకరాలు, సుమారు మూడు లక్షల డాలర్లు పెట్టి ఇద్దరి పేరునా కొన్నాం. అందులో దున్నే భూమి 150 ఎకరాలు. మాకన్నా ముందు నుంచీ దాన్ని చేస్తున్న రైతుకే ఎకరానికి ఏడాదికి 55 డాలర్ల చొప్పున నగదు కౌలుకు ఇచ్చాం. కాగితం రాసుకోలేదు, మాట మీదే నడుస్తోంది. ఈమధ్య ఒక స్నేహితుడు చెబితే ఆ కౌంటీలో ఎవరికెంత వ్యవసాయ సబ్సిడీ ముట్టిందో నెట్‌లో వెతికాను. మా కౌలు రైతు పేరు మీద ఆరు లక్షల డాలర్లు కనిపించాయి. మా పేరు ఎక్కడా లేదు. ఆయన్ని అడిగితే, "మీది క్యాష్ రెంట్ కదా, అవి నాకే వస్తాయి" అన్నాడు. ఊళ్లో మా బాపు ఆరెకరాలు కౌలుకిచ్చినా రైతు భరోసా పైసలు బాపు ఖాతాలోనే పడుతున్నాయి. "భూమి నీదైతే పైసలు వానికెట్ల పోతయ్? వాన్ని తీసేసి ఇంకొకనికియ్యి" అంటున్నాడు. మేం మోసపోతున్నామా? కొన్నప్పుడు ఇద్దరం హెచ్1బీ మీద ఉన్నాం, నిరుడు గ్రీన్ కార్డులు వచ్చాయి.

సమాధానం: మీరు మోసపోలేదు. ఆ రైతు మీకు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మీరు వెతుకుతున్న డబ్బు ఈ పద్ధతిలో మీకు రాదు, రావాల్సిందీ కాదు. అయితే మీ ఉత్తరంలో చివరి వాక్యం చదివి నాకు గుబులు పుట్టింది. మీరు అడిగినదానికంటే అదే తొందరగా చూసుకోవాల్సిన సంగతి. ముందు మీ ప్రశ్నకు జవాబు చెప్పి, దాని దగ్గరికి వస్తాను.

అమెరికా వ్యవసాయ శాఖలో రైతులకు డబ్బు చెల్లించే విభాగం ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. అందరూ ఎఫ్ఎస్ఏ అంటారు. దానికి కౌంటీ ఆఫీసులు ఉంటాయి, రైతులు ఓట్లేసి ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. పంట మద్దతు సొమ్ము ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు వాళ్లు చూసేది ఒకటే: పంట పోతే, ధర పడితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? పట్టా ఎవరి పేరున ఉందన్నది తర్వాతి మాట. నగదు కౌలులో మీ డబ్బు ముందే ఖాయం. పండినా ఎండినా మీకు 8,250 డాలర్లు రావాల్సిందే. నష్టం మొత్తం ఆయనది, కాబట్టి మద్దతు సొమ్మూ ఆయనదే. పాలు కౌలు అయితే, అంటే పంటలో మీకు వాటా ఉంటే, ఆ వాటా మేరకు సర్కారు సొమ్ములోనూ మీకు భాగం వస్తుంది.

2023 గుర్తుందా? కరువుకు ఆ ఏడాది కాన్సస్ మొత్తం గోధుమ ఉత్పత్తి దాదాపు అరవై ఏళ్లలో ఎన్నడూ లేనంత అడుగుకు పడిపోయింది. పశ్చిమాన ఎందరో రైతులు కోత యంత్రం చేలో దింపకుండానే పంటను వదిలేశారు. ఆ ఏడాది కౌలు తగ్గించుకున్నామని మీరు రాయలేదు. మీకు పూర్తి కౌలు వచ్చే ఉంటుంది. ఆయన మాత్రం విత్తనం, డీజిలు, ఎరువు, మందు అన్నీ పెట్టి, మీ కౌలూ కట్టి, బీమా నుంచీ ఎఫ్ఎస్ఏ నుంచీ ఏమైనా వస్తే దాంతో పూడ్చుకుని ఉంటాడు. నెట్‌లో కనిపించే ఆరు లక్షల్లో అలాంటి ఏళ్లు కూడా కలిసి ఉంటాయి.

ఇక ఆ ఆరు లక్షల సంగతి. ఇలాంటి జాబితాల్లో బాగా పేరున్నది ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థది. అందులో లెక్క 1995 నుంచి మొదలవుతుంది. మీరు చూసింది అదే అయితే, ఆ మొత్తం ఇంచుమించు ముప్పై ఏళ్లది. ఏడాదికి ఇరవై వేలు పడుతుంది. ఆయన మొత్తం ఎంత భూమి చేస్తున్నాడో మీరు రాయలేదు గానీ, ఆ ప్రాంతంలో సొంతం, కౌలు కలిపి రెండు మూడు వేల ఎకరాలు చేసే కుటుంబాలు మామూలే. మూడు వేల ఎకరాలనుకుంటే ఎకరానికి ఏడాదికి ఏడు డాలర్లు కూడా రావు. అందులోనూ ఏళ్లన్నీ ఒక్కలా ఉండవు. చైనాతో సుంకాల గొడవ వచ్చిన 2018, 2019లో కేంద్రం ప్రత్యేకంగా ఇచ్చిన సొమ్ము పెద్దది. మళ్లీ 2025లో, అంతకు ముందు ఏడాది వేసిన పంటలకు ఒక్కసారికని ఎకరానికి ఇంతని ఇచ్చారు, గోధుమకు 30.69 డాలర్లు. వచ్చినవన్నీ కలిపి జాబితా ఒకే అంకె చూపిస్తుంది. దాని పక్కన ఆయన పెట్టిన ఖర్చు ఉండదు, కట్టిన కౌలు ఉండదు, బ్యాంకు అప్పు ఉండదు. ఆ ఒక్క అంకె పట్టుకుని మనిషిని తూచవద్దని నా మనవి.

మీ క్వార్టర్ మీద అసలు ఎంత వస్తుందో తెలుసుకోవడం మాత్రం కష్టం కాదు, యజమానిగా మీకు ఆ హక్కు ఉంది. కౌంటీ ఎఫ్ఎస్ఏ ఆఫీసుకు వెళ్లి మీ భూమి తాలూకు "156 ఈజెడ్" కావాలని అడగండి. మన పహాణీ లాంటిదే అది. పైన ఫార్మ్ నంబరు, దాని కింద ట్రాక్ట్ నంబరు, మొత్తం భూమి ఎంత, దున్నే భూమి ఎంత, యజమాని పేరు, సాగుదారు పేరు ఉంటాయి. కింద ఒక చిన్న పట్టిక ఉంటుంది. అందులో గోధుమ, జొన్న అని పంటల పేర్లు, ఒక్కోదానికి ఎదురుగా బేస్ ఎకరాలు, పీఎల్‌సీ (ధర పడితే సొమ్మిచ్చే పద్దు) దిగుబడి అని రెండు అంకెలు. మీరు చూడాల్సింది ఆ రెండు అంకెలే. బేస్ ఎకరాలంటే పాత ఏళ్ల సాగును బట్టి ఆ భూమికి రాసిపెట్టిన లెక్క. ఈ ఏడాది చేలో ఏం వేశారన్నదానితో దానికి పని లేదు. ఆయన ఈసారి మొత్తం జొన్న వేసినా, బేస్ గోధుమదైతే సొమ్ము గోధుమ లెక్కనే వస్తుంది. (మీ బాపుకు చెప్పండి, కాన్సస్‌లో మైలో అని పండించేది మన జొన్న జాతే. ఆర్మూరు ఎర్రజొన్న రైతులు ఆ చేను చూస్తే ఇట్టే గుర్తుపడతారు. అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది మీ రాష్ట్రంలోనే.)

ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ భూమికి 100 ఎకరాల గోధుమ బేస్, ఎకరానికి 40 బుషెళ్ల దిగుబడి (గోధుమ బుషెలంటే సుమారు 27 కిలోలు) రాసి ఉన్నాయనుకుందాం. 2025లో వచ్చిన చట్టం గోధుమకు ఆధార ధరను 5.50 నుంచి 6.35 డాలర్లకు పెంచింది. ఆ ఏడాది మార్కెట్ సగటు ధర 5.50 దగ్గర ఆగిందనుకోండి, బుషెలుకు 85 సెంట్ల తేడా. దాన్ని 40తో గుణించి, 100 ఎకరాల్లో 85 శాతానికే లెక్కగడతారు. 2,890 డాలర్లు వస్తుంది. అందులో బడ్జెట్ కోత కింద 5.7 శాతం పోతే మిగిలేది 2,725. అది కూడా పంట కోసిన వెంటనే చేతికి రాదు. మార్కెట్ ఏడాది ముగిసి సగటు ధర తేలాక, పంట కోసిన మరుసటి ఏడాది అక్టోబరులో ఇస్తారు. ధర 6.35 దాటితే ఈ పద్దు కింద ఒక్క డాలరు కూడా రాదు. ఏఆర్‌సీ అని ఇంకో పద్దు ఉంది, అది ధరతో పాటు కౌంటీ దిగుబడిని కూడా చూస్తుంది. ఏది కావాలో ఎంచుకోవాలి. 2025 పంటకు మాత్రం రెండింటిలో ఏది ఎక్కువైతే అది ఇస్తామని చట్టమే చెప్పింది.

ఇప్పుడు మీరు నగదు కౌలు మాని పాలుకు మారారనుకుందాం. పశ్చిమ కాన్సస్‌లో పాత ఆనవాయితీ మూడో వంతు యజమానికి, రెండు వంతులు రైతుకు. అక్కడి వానలకు ఏటా మూడో వంతు భూమి బీడు పెడతారు కాబట్టి పంట వేసేది 100 ఎకరాలే. లెక్క తేలిగ్గా ఉండేందుకు అంతా గోధుమే అనుకుని, ఎకరానికి 40 బుషెళ్లు, బుషెలుకు 5.50 వేస్తే 22,000 డాలర్లు. మీ మూడో వంతు 7,333. సర్కారు సొమ్ములో మూడో వంతు 908. కలిపితే 8,241. ఇప్పుడు కూర్చున్నచోటికి వస్తున్నది 8,250! పైగా పాలు కౌలులో ఎరువుల, మందుల ఖర్చులో యజమాని భాగం పంచుకోవడం రివాజు. మంచి ఏడాదిలో ఇంతకన్నా బాగానే మిగలవచ్చు, 2023 లాంటి ఏడాదిలో చేతిలోది పడవచ్చు. ఆ ఒడిదుడుకు భరించగలం, సాగులో నిజంగా పాలుపంచుకుంటాం అనుకుంటే పాలు కౌలుకు మారండి, తప్పేమీ లేదు. అప్పుడు ఎఫ్ఎస్ఏలో మీరిద్దరూ కూడా పేర్లు నమోదు చేసుకుని, సాగు ప్రణాళిక, ఆదాయ ధ్రువీకరణ, నేల సంరక్షణ హామీ ఫారాలు ఇవ్వాలి. సగటు ఆదాయం తొమ్మిది లక్షల డాలర్లు దాటినవాళ్లకు మామూలుగా ఈ సొమ్ము రాదు, అది మీకు అడ్డు కాదనుకుంటాను. ఆ తొమ్మిది వందల డాలర్ల కోసమే అయితే మాత్రం మారవద్దు.

ఇంకో దారి ఉంది: నగదు కౌలే ఉంచి, "సబ్సిడీలో సగం నాకు లోపాయికారీగా ఇవ్వు" అని అడగడం. కొందరు ఆ సలహా ఇస్తారు. దాని జోలికి పోకండి. నష్టంలో భాగం లేనివాడు సొమ్ములో భాగం తీసుకుంటే అది నిబంధనలకు అడ్డం పోవడమే, బయటపడితే ఆ రైతు కూడా తీసుకున్నది తిరిగి కట్టాల్సి రావచ్చు. కౌలు రైతుకు న్యాయంగా రావాల్సింది రాకుండా యజమాని ఎత్తు వేస్తే చెల్లింపులు ఆపే అధికారం ఎఫ్ఎస్ఏకు ఉంది. కౌలు తక్కువనిపిస్తే కౌలు పెంచమని నేరుగా అడగండి. చుట్టుపక్కల అలాంటి భూమికి ఎంత నడుస్తోందో కనుక్కుని అడిగితే ఆయనా కాదనడు. నిజానికి బేస్ ఎకరాలున్న భూమికి కౌలు కాస్త ఎక్కువ పలుకుతుంది. సర్కారు సొమ్ములో కొంత ఆ రూపంలో మీకు ఇప్పటికే అందుతూ ఉండవచ్చు.

ఆయన్ని తీసేసి ఇంకొకరికి ఇస్తే? నగదు కౌలుకే ఇస్తే ఆ సొమ్ము కొత్తాయనకు పోతుంది, మీకు మాత్రం కొత్తగా ఒక్క డాలరు రాదు. పైగా మాట మీద నడిచే కౌలు కదా అని ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దంటే కుదరదు. కాన్సస్ చట్టం ప్రకారం నోటీసు రాతపూర్వకంగా ఇవ్వాలి, మార్చి 1కి కనీసం 30 రోజుల ముందు ఇవ్వాలి. అప్పటికే ఆయన శరదృతువులో గోధుమ చల్లి ఉంటే ఆ నేల మీద ఆయన హక్కు కోత ముగిసేదాకా, లేదా ఆగస్టు 1 దాకా, ఏది ముందైతే అప్పటిదాకా ఉంటుంది. మీకంటే ముందు నుంచీ ఆ నేలను ఎరిగిన మనిషిని, అడిగితే దాచకుండా చెప్పిన మనిషిని, ఒక అంకె చూసి పంపేయడం నాకు ఏ కోశానా సబబుగా తోచడం లేదు. ఆయన్ని ఉంచుకుని, కౌలు కాగితం మాత్రం రాసుకోండి. ఎన్నాళ్లు, ఎంత, ఎప్పుడు కట్టాలి, సున్నం వేస్తే ఖర్చెవరిది, కంచె ఎవరు చూసుకోవాలి, ఎఫ్ఎస్ఏ సొమ్ము ఎవరిది అన్నవన్నీ అందులో ఉండాలి.

యజమాని చేతిలోనే ఉండే విషయాలు కూడా కొన్ని ఉన్నాయి, వాటి మీద కన్నేయండి. 2025 చట్టం దేశం మొత్తం మీద 3 కోట్ల ఎకరాల వరకు కొత్తగా బేస్ రాయడానికి వీలు కల్పించింది. 2019 నుంచి 2023 వరకు సాగైన పంటలను చూసి లెక్కగడతారు, అది యజమానికి సంబంధించిన వ్యవహారం. ఎఫ్ఎస్ఏ నుంచి దాని గురించి ఉత్తరం వస్తే ప్రకటన కాగితం అనుకుని పారేయకండి, మీ రైతుతో కూర్చుని చదవండి. ఆ ఏళ్లలో ఏ చేలో ఏం వేశాడో ఆయన దగ్గరే ఉంటుంది. అలాగే సీఆర్‌పీ అనే పథకం 1985 నుంచి ఉంది. కోతకు గురయ్యే నేలను సాగు మాన్పించి, గడ్డి పెంచి, 10 నుంచి 15 ఏళ్లు అలాగే ఉంచితే సర్కారు ఏటా అద్దె కడుతుంది. పశ్చిమ కాన్సస్‌లో అలాంటి భూములు చాలా ఉన్నాయి. మీ క్వార్టర్‌లో గాలికి మన్ను లేచిపోయే చెక్క ఏదైనా ఉంటే దాని మటుకు ఆలోచించవచ్చు. అక్కడ కూడా కౌలు రైతు హక్కును పక్కకు నెట్టే వీలు లేదు.

బాపు మాట గురించి. ఆయన కోపం నాకు అర్థమైంది. తెలంగాణలో 2018 మేలో రైతు బంధు మొదలైనప్పటి నుంచీ సొమ్ము పట్టాదారు పాస్‌పుస్తకం వెంటే నడిచింది. మొదట పంటకు ఎకరానికి 4,000, తర్వాత 5,000. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో 6,000. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కూడా భూమి ఉన్న కుటుంబానికే. దున్నేవాడికి ఇందులో ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టంతో సాగుదారు హక్కు పత్రం వచ్చింది, 11 నెలలకు చెల్లుతుంది. కానీ దానికి యజమాని సంతకం కావాలి, ఆ సంతకం పెట్టడానికి జంకే యజమానులే ఎక్కువ. మీ ఆరెకరాలకు ఏటా 72,000 రూపాయలు బాపు ఖాతాలో పడుతున్నాయి, కౌలు వేరే. వాన ఎక్కువైనా తక్కువైనా నష్టం మాత్రం ఆ కౌలుదారుది. నన్నడిగితే, కాన్సస్ రైతు దగ్గర వాటా అడిగే ముందు ఆర్మూరులో కౌలు కొంత తగ్గించమని బాపుతో మాట్లాడండి. అది ఆయన ఇష్టం, నేను శాసించలేను. కానీ మీరిక్కడి పద్ధతి వివరంగా చెబితే ఆయన ఆలోచిస్తాడని నా నమ్మకం. సేద్యం చేసిన మనిషికి, పంట పోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని సంగతి. 1978 నాటి ఒక చట్టం ప్రకారం, అమెరికా పౌరుడు కాని, గ్రీన్ కార్డు లేని వ్యక్తి ఇక్కడ వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లోగా ఎఫ్ఎస్ఏకు తెలియజేయాలి. దానికి "ఎఫ్ఎస్ఏ 153" అనే ఫారం ఉంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఎన్నేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నా ఈ చట్టం దృష్టిలో విదేశీయులే. మీరు 2021లో కొన్నప్పుడు ఇద్దరూ ఆ లెక్కలోనే ఉన్నారు. ఆ ఫారం ఇచ్చారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మనవాళ్లలో చాలామందికి ఆ ఫారం ఒకటుందనే తెలియదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఆలస్యమైతే వారానికి భూమి విలువలో 0.1 శాతం చొప్పున, గరిష్ఠంగా 25 శాతం దాకా జరిమానా వేసే వీలుంది. మూడు లక్షల భూమికి వారానికి 300 డాలర్లు, పైకి 75,000 దాకా. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. జరిమానా తగ్గించే వెసులుబాటు కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఎంత ఆలస్యమైంది, కారణమేమిటి, ఆ సంగతి ఎలా బయటపడింది అన్నవి చూస్తారు. మీ అంతట మీరు వెళ్లి చెప్పడానికీ, వాళ్లే కనిపెట్టడానికీ చాలా తేడా.

కాబట్టి అమ్మకం పత్రం, కొన్ననాటి వీసా కాగితాలు, గ్రీన్ కార్డులు పట్టుకుని ముందుగా వ్యవసాయ భూముల వ్యవహారాలు చూసే లాయరును కలవండి. ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఈ చట్టం తెలియకపోవచ్చు. ఆ తర్వాత ఎఫ్ఎస్ఏ కౌంటీ ఆఫీసుకు వెళ్లి ఫారం ఇచ్చి, గ్రీన్ కార్డులు వచ్చిన సంగతి చెప్పి, రికార్డులో ఏం మార్చాలో అడగండి. 156 ఈజెడ్ కూడా అదే రోజు తీసుకోవచ్చు. ఇచ్చిన ప్రతి కాగితానికి తేదీ ముద్ర వేసిన నకలు అడిగి తీసుకుని, భూమి పత్రాలతోపాటు దాచండి.